అయ్యగారి మూడ్ రిజిస్టరు

మా ఆఫీసులో ఏ కాగితం మీద సంతకం కావాలన్నా ముందు లోవరాజు కనుబొమలు చూడాలి. ఇది ఏ మాన్యువల్లోనూ లేదు. అయినా ఇరవై రెండేళ్ళుగా ఒక్కరోజు కూడా తప్పకుండా అమలైన నిబంధన మా దగ్గర ఇదొక్కటే.

లోవరాజు మా అటెండరు. ఏడీగారి గది గుమ్మం పక్కన స్టూలు మీద కూర్చుంటాడు. ఫైలు పట్టుకుని వచ్చినవాళ్ళు, ఆఫీసువాళ్ళయినా అర్జీదారులైనా, ముందు "అయ్యగారి మూడ్ ఎలా ఉంది?" అని అడుగుతారు. లోవరాజు నోరు విప్పడు. కుడి కనుబొమ లేస్తే లోపలికి వెళ్ళొచ్చు. ఎడమది లేస్తే రేపు రావాలి. రెండూ లేస్తే వారం ఆగడం మంచిది. ఈలోగా ఆ ఫైలు ఇంకొకరి బల్ల మీద పెట్టేస్తే ఇంకా మంచిది.

మాది పడవల అనుమతుల కార్యాలయం, కొత్తవాడరేవు. సముద్రంలోకి వెళ్ళే ప్రతి పడవ కాగితం మీదా మా ముద్ర పడాలి. ముద్ర కింద సంతకం చేసేది అసిస్టెంట్ డైరెక్టర్ చెరుకుమిల్లి సదాశివరావు గారు. మేం ఏడీగారంటాం. ఆయన ఎంత మెత్తని మనిషంటే, కోపం వస్తే కళ్ళజోడు తీసి తుడుచుకుంటారు. ఇంకా ఎక్కువ వస్తే మళ్ళీ తుడుచుకుంటారు. అలాంటి మనిషి గుమ్మం దగ్గర మూడ్ ఎందుకు అడుగుతారంటే, ఆయనకి ముందున్న ఏడీగారి కాలంలో అడిగేవాళ్ళు కాబట్టి. అప్పుడెందుకు అడిగారంటే, అంతకుముందాయన కాలంలోనూ అడిగారు కాబట్టి. నేను సీనియర్ అసిస్టెంటుని, పేరు పట్టాభి. ఉద్యోగంలో చేరిన రోజు నుంచీ నేనూ అడుగుతూనే ఉన్నాను.

ఇలా గుట్టుగా సాగిపోతున్న సంసారంలోకి హెడ్డాఫీసు నుంచి మా శాఖ డైరెక్టర్ గారు వచ్చారు. ఆయన ఆ వేసవిలో ఏదో చల్లని ఊళ్ళో నాలుగు రోజుల శిక్షణకి వెళ్ళొచ్చారు. శిక్షణ విషయం, పరిపాలనలో భావోద్వేగాలు. వెళ్ళేటప్పుడు మామూలుగానే వెళ్ళారట. వచ్చాక మాత్రం ఏ ఆఫీసు తనిఖీకి వెళ్ళినా ఫైళ్ళు చూడడం మానేసి మొహాలు చూడడం మొదలుపెట్టారు.

మా ఆఫీసు తనిఖీ రోజున, ఆయన వరండాలో నిలబడి ఉండగా ఎవరో ముసలాయన లోవరాజుని మూడ్ గురించి అడిగాడు. లోవరాజు కుడి కనుబొమ లేపాడు. ముసలాయన లోపలికెళ్ళి సంతకం చేయించుకుని బయటికొచ్చాడు. డైరెక్టర్ గారు అక్కడే నిలబడిపోయారు. తరవాత లోవరాజుని పిలిచి, లోపలున్న మనిషి మూడ్ బయటున్న నీకు ఎలా తెలుస్తుందని అడిగారు. లోవరాజు నిజాయితీగా చెప్పేశాడు. చెప్పులు గుమ్మం దగ్గర తిన్నగా విడిస్తే ఒకటి, వంకరగా విడిస్తే ఒకటి అన్నాడు. అన్నిటికంటే టీ గ్లాసు నమ్మకమైందన్నాడు. గ్లాసు ఖాళీగా బయటికొస్తే అయ్యగారు బాగున్నట్టు, సగంలో వస్తే రేపు రమ్మన్నట్టు, మీగడ కట్టి నిండుగా వస్తే ఆ పూటకి ఎవరూ లోపలికి వెళ్ళనక్కర్లేదన్నట్టు.

డైరెక్టర్ గారు ఇదంతా డైరీలో రాసుకున్నారు. ఆ సాయంత్రం మా అందరినీ కూర్చోబెట్టి మాట్లాడారు.

"ఇది మన శాఖ యొక్క అమూల్యమైన సంస్థాగత జ్ఞానం," అన్నారు. "ఇంతటి జ్ఞానం ఒక చిరుద్యోగి కనుబొమలకే పరిమితమై ఉండడం పరిపాలనా దృష్ట్యా మిక్కిలి ప్రమాదకరం. రేపు ఈయన రిటైరైతే రాష్ట్రంలో సంతకాల పరిస్థితి ఏమిటి?"

ఏడీగారు కళ్ళజోడు తుడుచుకున్నారు.

వారానికి హెడ్డాఫీసు నుంచి తాఖీదు వచ్చింది. శాఖలో 'మూడ్' అనే ఆంగ్ల పదము విస్తృతముగా వాడుకలో ఉన్నప్పటికీ దానికి ఇంతవరకు అధికారిక నిర్వచనము లేకపోవుట గమనించడమైనదనీ, కావున జిల్లాలో ఆ పదము ఏయే అర్థములలో వాడబడుచున్నదో పరిశీలించి నివేదిక పంపవలెననీ సారాంశం. ఉద్యోగానికి ముందు నేను రెండేళ్ళు ట్యుటోరియల్లో ఇంగ్లీషు చెప్పాను. ఆ పాపం సర్వీసు పుస్తకంలో ఎక్కి ఉంది కాబట్టి నివేదిక రాసే పని నా నెత్తిన పడింది.

ముందు నిఘంటువు చూశాను. మనసు కొంతసేపు ఉండే స్థితి అని ఉంది. మా ఆఫీసులో ఆ అర్థంతో ఎవరూ వాడిన దాఖలా దొరకలేదు. మా దగ్గర "మూడ్ బాగుంది" అంటే ఫైలు తీసుకెళ్ళు అని. "మంచి మూడ్‌లో ఉన్నారు" అంటే సెలవు చీటీ కూడా పట్టుకెళ్ళు అని. "మూడాఫ్" అంటే నిన్న రివ్యూ మీటింగు జరిగింది అని. "మూడ్ వస్తే చూస్తారు" అంటే చూడరు అని. ఇంకో సంగతి కూడా కనిపెట్టాను. మూడ్ అనేది గెజిటెడ్ హోదా నుంచి మొదలవుతుంది. అదే స్థితి గుమాస్తాకి వస్తే దాన్ని చిరాకంటారు. అటెండరుకి వస్తే పొగరంటారు. అర్జీదారుకి వస్తే తొందరంటారు. ఇదంతా పూసగుచ్చినట్టు రాసి పంపాను. వాళ్ళు నవ్వుకుని పారేస్తారనుకున్నాను. మా హెడ్డాఫీసులో నవ్వడానికి ప్రత్యేక సెక్షన్ లేదన్న సంగతి మరిచిపోయాను.

నా నివేదిక ఆధారంగా ఉత్తర్వు వచ్చింది. జూన్ ఒకటి నుంచి అమలు. శాఖలో నాలుగే నాలుగు మూడ్లు ఉంటాయి. ప్రసన్నం, సామాన్యం, చింతాక్రాంతం, ఉగ్రం. ప్రతి ఆఫీసు ముందూ బోర్డు పెట్టి అధికారి మూడ్ ఏదో రాయాలి. లోవరాజు ఇకనుంచి మూడ్ పరిశీలకుడు. జీతంలో మార్పు లేదు గానీ జేబుకి తగిలించుకోడానికి ఒక బిళ్ళ ఇచ్చారు. చెప్పుల వరస, టీ గ్లాసు ఖాళీ అవడం అధికారిక సూచికలు, వాటిని రోజూ ఒక రిజిస్టర్లో ఎక్కించాలి. సమానత్వం దృష్ట్యా అర్జీదారులకి కూడా మూడ్ మంజూరైంది. వాళ్ళదీ రోజూ అదే రిజిస్టర్లో ఎక్కించాలి. ఆ రిజిస్టరు నాకు అప్పగించారు.

ఇంతవరకూ ఎవరికీ నష్టం లేదు. మూడో నిబంధనలో, అధికారి మూడ్ ప్రసన్నంగా ఉన్నప్పుడు చేసిన సంతకమే చెల్లుబాటగునని ఉంది. అదీ బాగానే ఉంది. నాలుగో నిబంధనలో, సదరు ప్రసన్నతను ప్రతిదినము ఒక గెజిటెడ్ అధికారి సంతకముతో ధ్రువీకరించవలెనని ఉంది. మా ఆఫీసులో గెజిటెడ్ అధికారి ఏడీగారొక్కరే. ఆయన తన మూడ్ ప్రసన్నమని సంతకం చెయ్యాలి. ఆ సంతకం చెల్లాలంటే అప్పటికే ఆయన ప్రసన్నంగా ఉన్నట్టు ధ్రువపత్రం ఉండాలి. ఆ పత్రం మీద సంతకం చెయ్యాలంటే మళ్ళీ అంతకుముందే ప్రసన్నంగా ఉండాలి.

ఏడీగారు ఒకటో తారీఖు పొద్దున్న కలం మూత తీసి ఈ సంగతి గమనించారు. కాసేపు ఆలోచించి మూత పెట్టేశారు.

రెండో తారీఖున గరికిన పోలమ్మ వచ్చింది. నలభై అయిదేళ్ళుంటాయి. పదహారేళ్ళు వేరేవాళ్ళ పడవల చేపలు గంపలో మోసి, ఇప్పుడు సొంతానికి ఒక ఫైబరు పడవ కొనుక్కుంది. దాని ఫొటో కాగితాలకి గుచ్చి తెచ్చింది. పడవ మీద నీలం రంగు, ముందు భాగాన పసుపు బొట్లు. ఫొటోలో పడవ పక్కన తనే నిలబడింది, నవ్వడం మాత్రం మరిచిపోయింది.

మా వైపు ఏటా వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని రెండు నెలలు వేట ఆపేస్తారు. జూన్ పద్నాలుగుతో నిషేధం అయిపోతుంది. పదిహేనో తారీఖు తెల్లవారేసరికి రేవులో పడవలన్నీ ఒక్కసారి కదులుతాయి. పడవ మీద పనిచేసేవాళ్ళని కళాసీలంటారు. ఆ రోజున ఏ పడవ ఎక్కితే సీజనంతా ఆ పడవ మీదే ఉంటారు. పోలమ్మ అయిదుగురిని మాట్లాడుకుంది. పద్నాలుగులోగా కాగితం వస్తే ఆమె పడవ ఎక్కుతామన్నారు. రాకపోతే వాళ్ళు వేరే పడవ చూసుకుంటారు, ఈమె పడవ ఏడాదంతా ఇసకలో ఉంటుంది. ఈ సంగతంతా ఆమె లోవరాజుకి చెప్పి, అలవాటు ప్రకారం మూడ్ అడిగింది. లోవరాజు కనుబొమ కదపబోయి ఆగి, బోర్డు చూపించాడు. బోర్డు మీద 'ధ్రువీకరణలో ఉన్నది' అని రాసి ఉంది.

నేను రిజిస్టరు తెరిచి, మీ మూడ్ ఏమిటని ఆమెని అడిగాను. నాలుగూ చదివి వినిపించాను.

"కొత్త పడవ కదా బాబూ, సంతోసంగానే ఉంది," అంది పోలమ్మ.

ప్రసన్నం అని రాసుకున్నాను. రేపు రమ్మన్నాను.

మర్నాడు కూడా ప్రసన్నమే. ఆ తరవాత రోజు సామాన్యం. ఈలోగా ఏడీగారు ఊరికే కూర్చోలేదు. పక్క కాంపౌండులో పశువుల ఆసుపత్రి ఉంది. అక్కడి డాక్టరుగారు గెజిటెడ్ హోదా. ఆయన్ని బతిమాలి తీసుకొచ్చాను. డాక్టరుగారు ఏడీగారి నాడి చూశారు, కళ్ళ కింద రెప్పలు లాగి చూశారు, అలవాటులో "మేత సరిగ్గా తీసుకుంటున్నారా?" అని కూడా అడిగారు. ఏడీగారు తీసుకుంటున్నానన్నారు. డాక్టరుగారు ప్రసన్నమని రాసి సంతకం చేసిచ్చారు. నేను ఆ పత్రాన్ని ఆమోదానికి హెడ్డాఫీసుకి పంపాను. అదే నా తప్పు. మాలాంటివాళ్ళం పంపకుండా ఉండలేం.

జవాబు రెండ్రోజుల్లో వచ్చింది. సదరు పశువైద్యాధికారి వారి శాఖలో మూడ్ నిబంధనలు అమలులో లేనందున, వారు ధ్రువీకరించిన సమయమున వారి స్వంత మూడ్ ఏమిటో నిర్ధారణ కానందున, సదరు పత్రము చెల్లనేరదు. తదుపరి ఉత్తర్వులు వెలువడునంత వరకు కొత్తవాడరేవు సహాయ సంచాలకుల వారి మూడ్ 'సామాన్యం'గా భావించబడవలెను.

లోవరాజు బోర్డు తుడిచి 'సామాన్యం (భావించబడినది)' అని రాశాడు.

అదేం ఖర్మో, ఆ మర్నాడే రాజమండ్రిలో ఏడీగారి అమ్మాయికి మగపిల్లాడు పుట్టాడు. ఆయనకి మొదటి మనవడు. పొద్దున్నే కాజాల పొట్లం పట్టుకుని, చెప్పులు ఒకటి గుమ్మం ఇవతల ఒకటి అవతల విడిచి, మొహమంతా నవ్వుతో లోపలికొచ్చారు. సెక్షనంతా లేచి నిలబడ్డాం. అప్పుడు నేను దగ్గరకెళ్ళి, తమరి మూడ్ సామాన్యంగా భావించబడుతోందని గుర్తుచేశాను. పాపం, ఆయన నవ్వు ఆపుకుని, మొహం సర్దుకుని, కాజాలు పంచారు. మేం కూడా సామాన్యంగానే తిన్నాం. ఒక పూట సంతోషించుటకు అనుమతి కోరుతూ హెడ్డాఫీసుకి లేఖ రాయించారు. కారణము వ్యక్తిగతమైనందున కార్యాలయ వేళల అనంతరము సంతోషించుటకు అభ్యంతరము లేదని జవాబొచ్చింది.

ఆదివారాలు తప్పించి పోలమ్మ రోజూ వస్తూనే ఉంది. పేరుకి కొత్తవాడరేవు ఆఫీసే గానీ రేవు నుంచి మాకు ఆరు కిలోమీటర్లు. పొద్దున్న బస్సుకి వచ్చి సాయంత్రం బస్సుకి వెళ్ళేది. అయిదో రోజో ఆరో రోజో నేను మూడ్ అడిగితే, "ఆకలేత్తందండి," అంది. ఆ నాలుగింట్లో ఆకలి లేదు. లేదని చెప్పాను. అయితే మీరే ఏదోటి రాయండంది. సామాన్యం అని రాశాను. ఆ మాట రాస్తూ, మధ్యాహ్నం కేరేజీ విప్పుకోడానికి టైమైందని గడియారం చూసుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఏడో రోజున ఆమె కళాసీల్లో ఇద్దరు వేరే పడవకి వెళ్ళిపోయారని చెప్పింది. చింతాక్రాంతం అని రాశాను. తొమ్మిదో రోజున, అసలు అయ్యగారు లోపల ఉన్నారా లేరా అని కొంచెం గట్టిగా అడిగింది. అడగడం గట్టిగా ఉంటే ఉగ్రం కిందికి వస్తుంది. ఉగ్రం నమోదైన అర్జీదారులను శీతలీకరణ నిమిత్తము నీడలో కూర్చుండబెట్టి ఒక గ్లాసు మజ్జిగ ఇవ్వవలెనని ఎనిమిదో నిబంధన. మజ్జిగ పద్దు ఇంకా మంజూరు కాలేదు కాబట్టి నీడలో మాత్రం కూర్చోబెట్టాం.

పద్నాలుగో తారీఖున పోలమ్మ పొద్దున్న బస్సుకే వచ్చింది. గట్టిగా మాట్లాడలేదు. బెంచీ మీద ఫొటో ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పదకొండు రోజుల చెమటకి ఫొటో మూలలు మెత్తబడ్డాయి. మధ్యాహ్నం నేను రిజిస్టరు తీసుకెళ్ళి, పోలమ్మగారూ, ఇవాళ మీ మూడ్ ఏం రాయమంటారని అడిగాను.

ఆమె నా మొహం వంక కాసేపు చూసింది. "మీకేది సదుపాయంగా ఉంటే అది రాసుకోండి బాబూ," అంది.

అది కూడా ఆ నాలుగింట్లో లేదు. కాలమ్ ఖాళీ వదలకూడదు. ఆలోచించి, 'అర్జీదారు తమ మూడ్‌ను కార్యాలయ సౌకర్యమునకు విడిచిపెట్టినారు' అని రాసి, రోజువారీ పద్ధతి ప్రకారం రిజిస్టరు ఏడీగారి బల్ల మీద పెట్టాను.

ఏడీగారు మామూలుగా ఆ రిజిస్టరు తెరిచి మూసేస్తారు. ఆ రోజు చెయ్యడానికి ఇంకే పనీ లేదు గనక చదివారు. వేలు పెట్టి పోలమ్మ పేరు ఉన్న వరసలు కిందికి చూసుకుంటూ వచ్చారు. ప్రసన్నం, ప్రసన్నం, సామాన్యం. చివరి వరస దగ్గర వేలు ఆగింది.

"పట్టాభిగారూ, ఇది ఈవిడ చెప్పిందే రాశారా?"

"విషయం అదేనండి. భాష మాత్రం మార్చాను."

ఆయన కళ్ళజోడు తీశారు. తుడుచుకోలేదు. బల్ల మీద పెట్టేశారు. మూడేళ్ళలో ఆయన కళ్ళజోడు తుడవకుండా పక్కన పెట్టడం నేనెప్పుడూ చూడలేదు. చెవులు ఎర్రబడ్డాయి. నన్ను తిడతారనుకుని నిలబడ్డాను. తిట్టి ఉంటే బాగుండును.

"రేవు కాగితాలు ఎన్ని ఉన్నాయి?" అన్నారు.

"నలభై ఏడండి."

"అన్నీ పట్రండి. ఆవిణ్ణి కూడా లోపలికి రమ్మనండి."

తమరి మూడ్ సామాన్యంగా భావించబడుతోందని గుర్తుచెయ్యడం నా విధి. నోరు తెరిచాను. ఆయన నా వైపు చూసిన చూపుకి నోరు దానంతటదే మూసుకుపోయింది. పోలమ్మ వచ్చి బల్ల ముందు నిలబడింది. మొదట ఆమె కాగితం మీదే సంతకం చేశారు. తరవాత మిగతావి. మధ్యలో ఆమె ఇంకా నిలబడే ఉందని గమనించి కుర్చీ చూపించారు. పొద్దుటి నుంచీ బల్ల మీద మీగడ కట్టి ఉన్న తన టీ గ్లాసు ఆమె వైపు జరిపారు. తాగమ్మా, అన్నారు. ఆమె వద్దనలేదు. చల్లారిన టీ గుటుక్కున తాగేసి గ్లాసు బల్ల మీద పెట్టింది. లోవరాజు వచ్చి ఖాళీ గ్లాసు తీసుకుని బయటికెళ్ళాడు.

పోలమ్మ ఆ మధ్యాహ్నం బస్సుకే రేవుకి వెళ్ళిపోయింది. మిగిలిన ముగ్గురు కళాసీలకి కాగితం చూపించిందట. వెళ్ళిపోయిన ఇద్దరి బదులు తన మరిదినీ, మేనల్లుడినీ ఎక్కించిందట. పదిహేనో తారీఖు తెల్లవారేసరికి నీలం పడవ మిగతావాటితో పాటే కదిలింది.

ఇక్కడితో అయిపోతే మా శాఖ పరువు పోతుంది. నెల తిరక్కుండా హెడ్డాఫీసు నుంచి విచారణాధికారి దిగారు. పద్నాలుగో తారీఖున కొత్తవాడరేవు కార్యాలయమున జరిగిన నలభై ఏడు సంతకములు ఏ మూడ్‌లో జరిగినవో తేల్చుట ఆయన పని. ప్రసన్నంలో జరగలేదని తేలితే నలభై ఏడు అనుమతులూ రద్దు. నలభై ఏడు పడవలూ ఒడ్డుకి రావాలి. పోలమ్మ పడవ అప్పటికి మూడు వారాలుగా వేటకి వెళ్తోంది. కబురందగానే ఆమె మళ్ళీ ఆ బస్సే ఎక్కి మా ఆఫీసుకి వచ్చింది. ఆ బెంచీ మీదే కూర్చుంది. నేను రిజిస్టరు తెరవలేదు.

విచారణాధికారి గారు చాలా పద్ధతైన మనిషి. ముందు ఏడీగారిని పిలిచారు. ఏడీగారు, నాకు ఆ పూట ఒళ్ళు మండిందండి అని ఉన్నమాట చెప్పబోయారు. ఏ అధికారియు తన మూడ్‌ను తానే ధ్రువీకరించుకొనరాదని ఇటీవలే సవరణ వచ్చిందంటూ విచారణాధికారి గారు ఆయన నోరు మూయించి, బయట కూర్చోమన్నారు. ఆ సవరణ మా ఏడీగారి పుణ్యాన వచ్చిందే. తరవాత పోలమ్మని పిలిచారు. సంతకము చేయు సమయమున అధికారి వారి ముఖకవళికలు ఎట్లున్నవని అడిగారు. నేను దాన్ని మామూలు తెలుగులోకి మార్చి చెప్పాను.

"మొగం ఎవరు సూసేరండి బాబూ," అంది పోలమ్మ. "నేను సెయ్యి సూసేను. సెయ్యి కదిలింది."

చెయ్యి సూచికల జాబితాలో లేదు. విచారణాధికారి గారు రాసుకోలేదు. చివరికి లోవరాజుని పిలిచారు. లోవరాజు బిళ్ళ తగిలించుకుని వచ్చి నిలబడ్డాడు. నిజం చెబితే నలభై ఏడు పడవలు ఒడ్డున పడతాయి. అబద్ధం చెబితే అతని ఉద్యోగం పోతుంది. ఇరవై రెండేళ్ళు కనుబొమతో నెట్టుకొచ్చిన మనిషి మొదటిసారి నోరు విప్పి సాక్ష్యం చెప్పాల్సి వచ్చింది.

ఆ రోజున అధికారి వారి మూడ్ ఏమిటని విచారణాధికారి గారు అడిగారు.

"ఆర్డర్లో గ్లాసు చూడమన్నారండి. గ్లాసు చూసేను. ఖాళీగా వచ్చిందండి."

"పూర్తిగా ఖాళీయా?"

"అడుగున చుక్క లేదండి. ఆ పదకొండు రోజుల్లో అలా రావడం అదొక్కసారేనండి."

ఖాళీ అయినది సంతకములకు ముందా, తరువాతనా అని ఆయన ఇంకో ప్రశ్న వేశారు. లోవరాజు ఆలోచించాడు.

"గ్లాసు ఎప్పుడు ఖాళీ అయిందో రాయడానికి రిజిస్టర్లో కాలమ్ లేదండి. ఎవరు ఖాళీ చేసేరో రాయడానికీ లేదండి. ఖాళీ అయ్యిందా లేదా అన్నదే ఉందండి."

విచారణాధికారి గారు రిజిస్టరు తిరగేశారు. నిజమే, లేదు. ఉత్తర్వు తీసి సూచికల పేజీ చూశారు. టీ గ్లాసు సంపూర్ణముగా ఖాళీ అగుట ప్రసన్నతకు నిశ్చయమైన నిదర్శనమని డైరెక్టర్ గారి సంతకంతో ఉంది. నలభై ఏడు సంతకములు ప్రసన్న స్థితిలోనే జరిగినట్లు నిర్ధారణ అయినదని రాసి, ఫైలు మూసి, టీ తెమ్మన్నారు. మేమంతా గుమ్మంలోంచి ఆ గ్లాసు వంకే చూస్తూ నిలబడ్డాం.

ఆయనే వెళ్తూ వెళ్తూ, ఈ మూడ్ నిబంధనలు రద్దు చేయుట శ్రేయస్కరమని కూడా సిఫార్సు రాసి వెళ్ళారు. ఆ ఫైలు డైరెక్టర్ గారి బల్ల మీదికి చేరిందని తెలిసింది. దాని మీద ఆయన సంతకం కావాలి. హెడ్డాఫీసుకి కూడా ఉత్తర్వు వర్తిస్తుంది కదా, డైరెక్టర్ గారి మూడ్‌ని ధ్రువీకరించే హోదా ఎవరికుందో తేలక ఆ ఫైలు అక్కడే ఉంది. ఏడాదైంది. బోర్డు ఇంకా మా వరండాలో వేలాడుతోంది. సుద్దముక్క రాత వెలిసిపోయి, 'సామాన్యం' అన్నది పోయి 'భావించబడినది' మాత్రం మిగిలింది. జిల్లాల్లో మాలాంటివాళ్ళం మళ్ళీ కనుబొమల మీదే నడుపుకుంటున్నాం.

మొన్న జూన్‌లో పోలమ్మ మళ్ళీ వచ్చింది. అనుమతి ఏటా తిరగరాయించుకోవాలి. ఆ ముందురోజే ఏడీగారికి రివ్యూ మీటింగు జరిగింది. హెడ్డాఫీసువాళ్ళు గంటసేపు చీవాట్లు పెట్టారు. చెప్పులు వంకరగా ఉన్నాయి, టీ గ్లాసు మీగడ కట్టింది. పొద్దుటి నుంచీ లోవరాజు ఎడమ కనుబొమ కిందికి దిగలేదు. నేను రెండు ఫైళ్ళు పట్టుకుని రేపు చూద్దామని వరండాలోనే ఆగిపోయాను. నా వెనక ఏడెనిమిది మంది అర్జీదారులు ఉన్నారు.

పోలమ్మ బస్సు దిగి వచ్చింది. చేతిలో కాగితం, దానికి గుచ్చి కొత్త ఫొటో. ఈసారి ఫొటోలో అయిదుగురు కళాసీలు కూడా ఉన్నారు. నన్ను చూసి బాగున్నారా బాబూ అని పలకరించింది. లోవరాజు కనుబొమ లేపే ఉంచాడు. ఆమె అటు చూడలేదు. చెప్పులు విడిచి, తలుపు తోసుకుని, లోపలికి వెళ్ళిపోయింది.

రెండు నిమిషాల్లో బయటికొచ్చింది. కాగితం మీద సంతకం ఉంది, సిరా ఇంకా ఆరలేదు. ఊదుకుంటూ మెట్లు దిగింది.

లోవరాజు స్టూలు మీంచి లేచి, ఆమె వెళ్ళినవైపు చూస్తూ నిలబడ్డాడు. అతని రెండు కనుబొమలూ లేచి ఉన్నాయి. అవి ఏ ఫైలుకీ సంబంధించినవి కావు.

"ఆవిడ నన్ను అడగలేదండి పట్టాభిగారూ," అన్నాడు.

"చూశాను," అన్నాను.

నా వెనక ఉన్నవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. తరవాత అందరూ నా మొహం చూశారు. నేను ఆ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుని, చేతిలో రెండు ఫైళ్ళున్నాయి, తలుపు ఓరగా తీసే ఉంది. ఒక అడుగు వేశాను. అలవాటు కొద్దీ ఆగాను. నా నోటి వెంట ఏం వచ్చిందో మీకు వేరే చెప్పక్కర్లేదు.

"మూడ్ ఎలా ఉందోయ్?" అని అడిగాను. లోవరాజు ఎడమ కనుబొమ లేపాడు. ఫైళ్ళు పట్టుకుని నా సీటుకి వచ్చేశాను.